ఎకరం ధర, వాన దారి

మా రాయికోడులో నలుగురు కలిస్తే ఇప్పుడు భూముల ధరల మాటే. జహీరాబాదు దగ్గర పారిశ్రామిక నగరానికి 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. వచ్చేది న్యాల్‌కల్, ఝరాసంగం మండలాలలోనాయె! ఎకరం ఎంత పలుకుతుందో పసిపిల్లవాడైనా చెబుతాడు. ఆ ఎకరంలో పడ్డ వాన ఎటు పోతుందని అడగండి, పెద్దలు కూడా తడుముకుంటారు.

ఇది నా చాదస్తమని మా ఆవిడ అంటుంది. కాని హైదరాబాదు సంగతి చూడండి. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమందిని పొట్టన పెట్టుకున్నది. మరుసటి యేడు నిజాం ప్రభుత్వం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించింది. ఆయన వస్తూనే గోడలు కట్టమనలేదు, లెక్కలు తీశారు. ఎక్కడ ఎంత వాన పడింది, నది పరీవాహక ప్రాంతంలో చెరువులెన్ని, తెగినవెన్ని? 788 చెరువులలో 221 తెగాయని తేలింది. పై చెరువు తెగి కింది చెరువును తెంచుకుంటూ వచ్చిందన్నమాట! ఆ పరిశీలన నుంచే 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ వచ్చాయి. ఈలోగా, 1912 మొదలు, లియొనార్డ్ మన్ అనే దొర పట్నమంతా కొలిపించి పటాలు గీయించాడు. వాటిలో వీధులూ ఇళ్లే కాదు, బావులూ చెట్లూ కూడా వున్నాయి.

2020 అక్టోబరులో కాలనీలు మునిగినప్పుడు, తమ ఇల్లు ఒకప్పటి చెరువు శిఖంలో వున్నదని తెలిసి కొన్నవారెందరు?

ఇక్కడ లెక్కలు లేవని కాదు. పహాణీలు రెవెన్యూవారి దగ్గర, చెరువుల వివరాలు నీటిపారుదలవారి దగ్గర, బోర్ల నీటిమట్టం భూగర్భజల శాఖ దగ్గర, అడవి లెక్క అటవీశాఖ దగ్గర. ఒకే ఇంట్లో నలుగురు తోడికోడళ్లు నాలుగు పొయ్యిలు పెట్టినట్టు! ఒకరు సర్వే నంబరు రాస్తే, ఇంకొకరు ఊరి పేరు, మరొకరు అక్షాంశ రేఖాంశాలు. ఒకే కుంట మూడు చోట్ల మూడు పేర్లతో వుంటే దాన్ని కలిపి చూసేదెవరు? పైగా ఉపగ్రహం మే నెలలో తీసిన ఫోటోలో ఎండిన కుంట మైదానంలాగే కనబడుతుంది. నిండినప్పటి నీటి అంచు ఎక్కడో అదే పటంలో గీయాలి. ఈ ప్రాంతపు వాగులు చివరికి మంజీరలో కలిసేవే. హైదరాబాదుకు తాగునీరిచ్చే సింగూరు కట్టింది ఆ మంజీర మీదనే.

అందుకని రోడ్ల గీతలు పడకముందే ఇంజనీర్లు ఊరి నీరటిని వెంటబెట్టుకొని వానాకాలంలో ఒకసారి తిరగాలంటాను. నాలుగు శాఖల లెక్కలూ ఒకే పటం మీదికెక్కించి, పంచాయతీ గోడకు తగిలించాలి. ప్లాటు కొనేవాడు సంతకం పెట్టేముందు వచ్చి చూసుకుంటాడు.