ఇల్లే పాఠశాల అయిన వేళ

ఉగాది వేడుకలకు పిల్లలను ముస్తాబు చేసి తీసుకువచ్చే తెలుగు కుటుంబాల నడుమ, దంపతులలో ఒక్కరే వచ్చి తొందరగా వెళ్ళిపోయేవారూ ఉంటారు. ఆటిజమో, డౌన్ సిండ్రోమో ఉన్న బిడ్డ రెండవవారితో ఇంటి వద్దనే ఉంటుంది. బడిలో తగిన శ్రద్ధ లభించడం లేదని, అటువంటి బిడ్డకు ఇంటనే చదువు చెప్పుకొనే తల్లిదండ్రులు కొందరున్నారు. ఈ మార్గం తప్పు కాదు. అయితే ముందుగా తెలుసుకొనవలసినవి కొన్ని ఉన్నాయి.

ఒకప్పుడు అమెరికా ప్రభుత్వ పాఠశాలలు ఇటువంటి పిల్లలలో అనేకులను చేర్చుకొనేవే కావు. 1975 నవంబరు 29న అధ్యక్షుడు ఫోర్డ్ సంతకం చేసిన శాసనం ఆ స్థితిని మార్చింది. 1990లో ఐ.డి.ఇ.ఏ.గా పేరు మార్చుకొన్న ఆ శాసనం ప్రకారం ప్రతి బిడ్డకు ఐ.ఇ.పి. అనే వ్యక్తిగత విద్యాప్రణాళిక ఉండాలి. నామమాత్రపు ప్రగతి చాలదని, బిడ్డ పరిస్థితికి తగిన ప్రగతికి ఆ ప్రణాళిక తోడ్పడాలని 2017లో ఎండ్రూ కేసులో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది.

ఇంటి చదువు 50 రాష్ట్రాలలోనూ చట్టసమ్మతమే. కానీ బడి మాన్పించిన బిడ్డ వెంట ఐ.ఇ.పి. హక్కులన్నీ ఇంటికి రావు. స్పీచ్ థెరపీ వంటి సేవలు కొనసాగుతాయా లేదా అన్నది రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది. కనుక మాన్పించే ఉత్తరం వ్రాయకముందే ఈ సంగతి స్కూలు డిస్ట్రిక్టును లిఖితపూర్వకంగా అడగడం వివేకం.

ఇంటి చదువుకు గల బలం తక్కువది కాదు. ఒక పనిని చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి, ఒక్కొక్క మెట్టు నేర్పి, ప్రతిదినం ఫలితాన్ని వ్రాసి ఉంచడం ఈ విద్యలో పరీక్షకు నిలిచిన పద్ధతి. కందిపప్పును, పెసరపప్పును వేరుచేయడం, గ్లాసుతో బియ్యం కొలవడం కూడా పాఠాలే. తెలుగు మాట్లాడితే బిడ్డ మాట మరింత ఆలస్యమవుతుందన్న భయం అనవసరం. రెండు భాషల ఇళ్ళలో పెరిగే ఆటిజం పిల్లలకు అదనపు జాప్యం కలుగుతున్నట్లు పరిశోధనలలో కనబడలేదు. అమ్మమ్మ కబుర్లు బిడ్డకు దూరం చేయనక్కరలేదు.

అసలు ప్రమాదం వేరొకటి ఉన్నది. ఆటిజానికి తల్లి నిరాదరణే కారణమని 1967లో బ్రూనో బెటెల్‌హైమ్ ఒక గ్రంథంలో వాదించాడు. శాస్త్రం ఆ వాదాన్ని ఏనాడో త్రోసిపుచ్చింది. మన విందులలో మాత్రం “తల్లి ఉద్యోగం మానలేదు కదా” అన్న గుసగుస ఇంకా వినబడుతూనే ఉన్నది. ఆ గుసగుసకు వెరచి తలుపు మూసుకొన్న ఇల్లు పాఠశాల కాదు, అజ్ఞాతవాసం. అక్కడ బిడ్డతో పాటు తల్లి కూడా ఒంటరిదవుతుంది.

దీనికి మందు సంఘం చేతిలోనే ఉన్నది. ప్రతి వేడుకలోనూ శబ్దం లేని ఒక గది, ఆ పిల్లలను కనిపెట్టుకొని ఉండే ఇద్దరు యువకులు, ఆ తల్లిని కారణాలు అడగని ఒక పలకరింపు ఉంటే చాలు. ఆ బిడ్డకు ఇల్లే బడి కావచ్చును గాని, ఇల్లే లోకం కారాదు.