సభ్యుల చిరునామా పుస్తకంలో ఏమేమి ఉండాలి?

మన సంఘం సభ్యుల చిరునామా పుస్తకాన్ని తిరిగి అచ్చు వేయించాలని కార్యవర్గం తలపెట్టింది. ఈ సందర్భంగా రెండు రకాల ఉత్తరాలు వచ్చాయి. పాత పుస్తకంలో సగం నంబర్లు మారిపోయాయి, కొత్తది త్వరగా తెమ్మని కొందరు రాశారు. మా ఫోను నంబరు, పిల్లల వివరాలు దయచేసి తీసివేయమని మరికొందరు కోరారు. కంప్యూటర్లు, టెలిఫోన్ల సంగతులు ముచ్చటించుకునే ఈ శీర్షికలో దీన్ని చర్చించడం సబబని నాకు తోచింది.

పుస్తకం కావాలనే వారి వాదన తేలికగా తీసివేయదగ్గది కాదు. బరంపురం నుంచి బదిలీ మీద పూణే వెళ్ళిన కుటుంబానికి, హోసూరు నుంచి షోలాపూరుకు కోడలిగా వెళ్ళిన పిల్లకు అక్కడ మొదట దొరికే ఆసరా ఈ పుస్తకమే. ఆస్పత్రిలో రక్తం కావలసివచ్చినా, తద్దినానికి బ్రాహ్మణుడు దొరకకపోయినా, సంబంధం వెతకాలన్నా అందులోని పేజీలే తిరగేస్తాం. "ప్రభుత్వం వారి టెలిఫోను డైరెక్టరీలో పేరు, వీధి, నంబరు అన్నీ ఉండేవి కదా, ఎవరికి ఏం నష్టం జరిగింది?" అని ఒక పెద్దాయన అడిగారు. న్యాయమైన ప్రశ్న.

అయితే ఆ రోజుల్లో నంబరు ఇంటిది, మనిషిది కాదు. ఎస్‌టీడీ మాట్లాడాలంటే రాత్రి రేటు తగ్గేదాకా కాచుకునేవాళ్ళం. 1995లో మన దేశంలో సెల్‌ఫోను మొదలైనప్పుడు, వచ్చే ఫోనుకు కూడా మనమే డబ్బు కట్టేవాళ్ళం. 2003లో గానీ ఆ భారం తప్పలేదు. అంత ఖర్చు పెట్టి ముక్కూ మొహం తెలియని వేలమందికి ఫోను చేసే మోసగాడు ఉండేవాడు కాదు. ఇప్పుడు ఫోను చేయడం దాదాపు ఉచితం. పైగా 2016లో యూపీఐ వచ్చాక మన బ్యాంకు ఖాతా ఆ నంబరు మీదే నడుస్తోంది. ఖాతా తెరిచే ఓటీపీ కూడా అక్కడికే వస్తుంది. పేరుకు అదే ఫోను నంబరు గానీ, నేడు అది ఇనప్పెట్టె తాళంచెవి లాంటిది.

మన పుస్తకంలో నంబరు ఒక్కటే కాదు, ఇంకా చాలా ఉన్నాయి. పెళ్ళి సంబంధాల అనుబంధం చూడండి. పుట్టిన తేదీ, సమయం, ఊరు, గోత్రం, మేనమామల ఇంటిపేరు అన్నీ ఉంటాయి. మనకు అవి జాతకం పొంతనకు, సగోత్రం కాకుండా చూసుకోవడానికి. కానీ ఫోనులో మనిషిని పోల్చుకోవడానికి బ్యాంకులు ఏళ్ళ తరబడి అడుగుతూ వచ్చిన ప్రశ్నలు ఏవి? పుట్టిన తేదీ ఎప్పుడు, తల్లి పుట్టింటి ఇంటిపేరు ఏమిటి అనే కదా! ఆ జవాబులు మనమే అచ్చు వేసి పంచుతున్నాం.

మనబోటి వాళ్ళకు ఇంకో బలహీనత ఉంది. పరాయి భాష నడుమ బతికేవాళ్ళకు ఫోనులో తెలుగు వినబడితే ప్రాణం లేచి వస్తుంది. "బాబాయిగారూ, మీ స్వగ్రామం ఫలానా కదండీ, మీ పెద్దమ్మాయి ఫలానా చోట కదా" అంటూ పలకరిస్తే అనుమానం పుట్టదు. డిజిటల్ అరెస్టు పేరిట జరుగుతున్న మోసాల గురించి 2024 అక్టోబరులో ప్రధానమంత్రి రేడియో ప్రసంగంలో హెచ్చరించారు. అసలు అటువంటి అరెస్టు మన చట్టంలోనే లేదు. అయినా ఒంటరిగా ఉన్న పెద్దవాళ్ళు భయపడి డబ్బు పంపుతున్నారు. భయపెట్టేవాడికి మన వంశవృక్షం కూడా చేతికిస్తే వాడి పని మరీ సులువు.

ఇక చట్టం సంగతి. టెలిఫోను సంభాషణ కూడా పౌరుడి ఏకాంత హక్కులో భాగమని సుప్రీంకోర్టు 1996 డిసెంబరులోనే చెప్పింది. తరువాత కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి కె.ఎస్. పుట్టస్వామిగారు ఆధార్ విషయమై 2012లో వేసిన వ్యాజ్యంలో, గోప్యత ప్రాథమిక హక్కేనని తొమ్మిదిమంది న్యాయమూర్తులు 2017 ఆగస్టు 24న ఏకగ్రీవంగా తీర్పు ఇచ్చారు. దరిమిలా 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా సంరక్షణ చట్టం వచ్చింది. 2025 నవంబరులో నిబంధనలు వెలువరిస్తూ, ముఖ్యమైన బాధ్యతలకు పద్దెనిమిది నెలల గడువు ఇచ్చారు.

ఆ చట్టంలో మనకు పనికివచ్చే మాటలు నాలుగు. వివరాలు దేనికోసమో ముందుగా చెప్పి సమ్మతి తీసుకోవాలి. ఇచ్చిన సమ్మతిని ఇచ్చినంత సులభంగా వెనక్కి తీసుకోవచ్చు. పద్దెనిమిదేళ్ళలోపు పిల్లల విషయంలో తల్లిదండ్రుల అనుమతి కావాలి. నాలుగోది మనకు మరీ ముఖ్యం. ఆ నోటీసును ఇంగ్లీషులో గానీ, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని ఏ భాషలో గానీ చదువుకునే వీలు కల్పించాలి. అంటే చెన్నైలో ఉన్నా కటకంలో ఉన్నా తెలుగులో కావాలని అడగవచ్చు. కాగితం మీద రాసుకున్న వివరాలు కంప్యూటరుకు ఎక్కిన క్షణం నుంచి ఈ చట్టం పరిధిలోకి వస్తాయి. మన పుస్తకం కంపోజింగు జరిగేదీ కంప్యూటరు మీదే.

నా అభిప్రాయం దాచను. పుస్తకం రావాలి, కానీ పలచబడి రావాలి. కుటుంబ పెద్ద పేరు, స్వగ్రామం, ప్రస్తుతం ఉన్న ఊరు అచ్చు వేద్దాం. ఫోను నంబరు ఒప్పుకున్నవారిది మాత్రమే వేద్దాం. మిగతావి శాఖా కార్యదర్శి వద్ద ఉంటాయి. అవసరపడ్డవారు కార్యదర్శికి ఫోను చేస్తే, ఆయన అవతలివారిని ఒక మాట అడిగి కలుపుతారు. పిల్లల పేర్లు, పుట్టిన తేదీలు, ఒంటరిగా ఉన్న పెద్దల ఇంటి నంబర్లు అసలు వద్దు. పెళ్ళి వివరాలు ఇరుపక్షాలూ ఇష్టపడ్డాక చేతికి చేయి ఇచ్చుకోవచ్చు. దీనివల్ల కార్యదర్శులకు పని పెరుగుతుందని తెలుసు. వెనకటికి కొత్తవాడు ఊళ్ళోకి వచ్చి ఫలానావారి ఇల్లెక్కడ అంటే, ఏ పని మీద వచ్చావు నాయనా అని రచ్చబండ మీది పెద్దలు అడిగేవారు. ఆ పని ఇప్పుడు కార్యదర్శులు చేస్తారన్నమాట.

ఈలోగా ప్రతి ఇంటా గుర్తుంచుకోవలసినవి కొన్ని. డబ్బు పోయిందని తెలిసిన వెంటనే 1930కి ఫోను చేయండి. ఆలస్యమైన కొద్దీ సొమ్ము చేతులు మారిపోతుంది. ప్రచారపు ఫోన్ల బెడద వదిలించుకోవడానికి 1909 ఉంది. మీ పేరు మీద మీకు తెలియకుండా ఎన్ని సిమ్ములు ఉన్నాయో టెలికాం శాఖ వారి సంచార్ సాథీలో చూసుకోవచ్చు. ఓటీపీ మాత్రం ఎంత తీయని తెలుగులో అడిగినా చెప్పకండి.

పాఠకులు తమ అభిప్రాయం పంపగోరుతున్నాను. ముఖ్యంగా పుస్తకం యథాతథంగా ఉండాలనేవారు తప్పక రాయాలి. ఆ పుస్తకం వల్ల మీ ఇంట కుదిరిన పెళ్ళి, గట్టెక్కిన ఆపద ఏదైనా ఉంటే అదీ తెలపండి. వచ్చిన ఉత్తరాలన్నీ కార్యవర్గం ముందు ఉంచుతాను. సారాంశం వచ్చే సంచికలో ఇస్తాను, మీరు వద్దంటే పేరు లేకుండానే.