తక్కువ వోల్టేజి చిప్‌లు: ప్యాకేజింగ్ పాత్ర

హైదరాబాద్: డిజిటల్ సర్క్యూట్లలో సంకేతాలకు బలం చేకూర్చి ముందుకు పంపు బఫర్, డ్రైవర్ చిప్‌ల ప్రాముఖ్యం వోల్టేజి తగ్గేకొద్దీ పెరుగుచున్నది. సరఫరాను 5 నుండి 1.8 వోల్టులకు తగ్గించినచో, ఇతర అంశాలు మారనిపక్షంలో, స్విచ్చింగ్‌కు వ్యయమగు విద్యుత్తు సుమారు 13 శాతానికి దిగివచ్చును. అయితే అలజడిని తట్టుకొను శక్తి కూడా సన్నగిల్లును. 2020లో జెడెక్ ప్రకటించిన డీడీఆర్5 మెమరీ 1.1 వోల్టులతో పనిచేయును. వేగం సెకనుకు 640 కోట్ల బదిలీలకు చేరినందున, సాధారణ కంప్యూటర్ల మెమరీ మాడ్యూళ్లకు సైతం 2024లో క్లాక్ డ్రైవర్ వచ్చి చేరినది.

2025 ఆగస్టు 12న కేంద్ర మంత్రివర్గం ఆంధ్రప్రదేశ్‌కు ఆమోదించిన ఏసిప్ యూనిట్ ప్రతిపాదిత సామర్థ్యం ఏటా 9.6 కోట్ల చిప్‌లు. ఇది ప్యాకేజింగ్ కర్మాగారమే గాని వేఫర్లు తయారుచేయు ఫ్యాబ్ కాదు. వార్తలలో ఈ భేదం స్పష్టం కావలెను. అట్లని దీనిని చిన్నచూపు చూడరాదు. ఇంతటి వేగంలో ప్యాకేజీలోని సన్నని తీగ పొడవు సైతం సంకేతాన్ని చెడగొట్టగలదు.