దానివల్ల మనకేం ఒరుగుద్ది?

మొన్న సెలవులకి ఊరెళ్తే, మిరప కల్లం కాపలాకి తాతయ్యతో పాటు నేనూ పడుకున్నాను. ఫోన్లో స్ఫియరెక్స్ గురించి చదువుతుంటే "ఏందిరా అది?" అన్నాడు. ఆకాశం మొత్తాన్నీ పరారుణ కాంతిలో ఫొటోలు తీసే టెలిస్కోపనీ, 2025 మార్చిలో నాసా వాళ్ళు పైకి పంపారనీ చెప్పాను.

"దానివల్ల మనకేం ఒరుగుద్ది?"

నవ్వేసి ఊరుకోవచ్చు. కానీ రేటు లేక టిక్కీలు కోల్డ్ స్టోరేజీలో పెట్టి, నా ఫీజు కట్టే మనిషి అడిగిన ప్రశ్న అది. జవాబు చెప్పాలి.

పరారుణమంటే వింతేం కాదు. ఎండకి కాగిన గోడ పక్కన పొద్దుగూకాక నిలబడితే ఒంటికి తగిలే సెగలో చాలావరకు అదే. నక్షత్రాలు పుట్టే చోట దుమ్ము మామూలు వెలుగుని ఆపేస్తుంది, పరారుణాన్ని అంతగా ఆపలేదు. చిక్కల్లా, టెలిస్కోపు వెచ్చగా ఉంటే అదీ పరారుణాన్నే వెదజల్లుతుంది. అందుకే 2009లో వెళ్ళిన వైజ్ గడ్డకట్టిన హైడ్రోజన్‌ని మోసుకెళ్ళింది. 2010లో అది అయిపోయింది. స్ఫియరెక్స్‌కి ఆ బాధ లేదు. శంకువు ఆకారపు కవచాలు మూడు, ఎండనీ భూమి వేడినీ అడ్డుకుంటాయి. లోపల మైనస్ 210 డిగ్రీల కంటే చల్లన. ఆరు నెలలకోసారి ఆకాశమంతటినీ 102 రంగుల్లో చూస్తుంది. నక్షత్రాల మధ్య మబ్బుల్లో నీరు మంచుగా ఎక్కడుందో వెతుకుతుంది.

ఇది మనకి అందని పనా? హైదరాబాద్‌లోని టీఐఎఫ్ఆర్ బెలూన్ కేంద్రం నుంచి ఒక మీటరు పరారుణ టెలిస్కోపుని బెలూన్‌కి కట్టి ఎగరేశారు. గాలిలో నీటి ఆవిరి ఆ కాంతిని మింగేస్తుంది కాబట్టి, 30 కిలోమీటర్ల ఎత్తుకి. జపాన్ శాస్త్రవేత్తలు తమ స్పెక్ట్రోమీటర్‌ని దానికే బిగించి పనిచేశారు.

ఇప్పుడు మనకి బెలూన్ కూడా అక్కర్లేదు. స్ఫియరెక్స్ డేటా సేకరించిన 60 రోజుల్లోపు అందరికీ ఉచితంగా పెడుతున్నారు. ల్యాప్‌టాపూ, కాస్త పైథానూ చాలు. మనమేమో ఏటా అదే అటెండెన్స్ సిస్టమ్, అదే లైన్ ఫాలోయర్. అది కూడా కొందరం కొని తెస్తాం. ఈ ఏడాది ఒక్క బ్యాచ్ అయినా ఆకాశంలో ఓ చిన్న ముక్క తీసుకుని, ఆ 102 రంగుల్లో ఏముందో సొంతంగా తేల్చకూడదా?

మిరప రేటు పెరగదని తాతయ్యకి ఉన్నమాటే చెప్పాను. "నీకు పనికొస్తదా?" అన్నాడు. అది టెలిస్కోపు మీద ప్రశ్న కాదు, మన మీద.