మా తాత ఏనుగూ, మా అమ్మ మాటా

వైక్కం ముహమ్మద్ బషీర్ 1994 జూలై 5న కన్నుమూశాడు. ఏటా ఆ రోజున కేరళ బడుల్లో పిల్లలు ఆయన పాత్రల వేషాలు కట్టి ఆయన్ని తలచుకుంటారు. తెలుగులోనూ ఆయన్ని ప్రేమించేవాళ్లున్నారు. కాని ఇక్కడి పెద్దలు ఆయన్ని పొగిడే తీరే మాకు మింగుడుపడదు. 'మతాలకు అతీతుడు, విశ్వమానవుడు' అంటారు. సరే, ఆ విశ్వం ఆయనకు ఎక్కడ దొరికింది? తలయోలపరంబులో, సొంతింట్లో, అమ్మా తమ్ముళ్లూ చెల్లెలు పాతుమ్మా ఆమె మేకా తిరిగే వాకిట్లో దొరికింది. ముస్లిం ఇంటి గడపలో కూచునే ఆయన లోకాన్నంతా చూశాడు. ఆ గడప తీసేస్తే గాని మీకు ఆయన మనిషిగా కనబడడా?

'పాతుమ్మ మేక' (1959)లో తమ్ముడు అబ్దుల్ ఖాదర్ అన్న రాసింది చదివి, వ్యాకరణం ఏదీ అని తప్పులు పడతాడు. మనుషులు మాట్లాడింది మాట్లాడినట్టు రాసిన అన్నకు ఒళ్లు మండుతుంది. ఇంట్లో తమ్ముడు కాబట్టి అది నవ్వులాటగా పోయింది. తెలుగులో అలా తప్పులు పట్టేవాళ్లు పండితులై కూచున్నారు. మా అమ్మల తెలుగుకు 'తౌరక్యాంధ్రం' అని పేరు పెట్టారు. సినిమాల్లో సాయిబు నోరు విప్పితే హాలంతా నవ్వాలన్నారు. మాండలికానికి జేజేలు కొట్టిన అభ్యుదయ మిత్రులు సైతం మా కథలో వజూ, ఇద్దత్, దస్తర్‌ఖాన్ కనబడగానే 'కింద అర్థాలు ఇవ్వండి' అంటారు. సంస్కృత సమాసానికి ఎవరైనా అర్థం అడిగారా? నాలుగు వందల ఏళ్లు పక్కపక్కన బతికి కూడా మా వంటింటి మాట తెలియకపోతే ఆ లోపం మాదా?

బషీర్ అర్థాలు ఇస్తూ కూచోలేదు. 1951లో ఆయన రాసిన నవల పేరే ముస్లిం ఇంట్లో నోటికొచ్చినట్టు పలికే పలుకు: 'న్‌టుప్పుప్పాక్కొరానేండార్న్ను'. మాటలన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. 'మా తాతకో ఏనుగుండేది' అని అర్థం. మలయాళం దాన్ని తనదే అనుకుంది.

ఆ నవల మమ్మల్నీ వదలదు. ఆస్తి పోయి ఇల్లు పోయినా కుంజుపాతుమ్మ తల్లి తన తండ్రి ఏనుగు గొప్పలు మానదు. చివరికి వీధి పిల్లలు అది 'కుళియాన' అని తేల్చేస్తారు. పేరులో ఏనుగున్నా అది మట్టిలో గుంట చేసుకుని బతికే చిన్న పురుగు. మాలోనూ ఈ ఏనుగు పిచ్చి ఉంది. గోల్కొండ మాది, చార్మినార్ మాది, తాతలు నవాబులు! మా తాతల్లో ఎక్కువమంది దూది ఏకారు, బండి తోలారు, బీడీలు చుట్టారు. ఎక్కని ఏనుగు అంబారీ గురించి ఎందుకీ మురిపెం? అటువైపు వాళ్లు అదే ఏనుగును మా మెడకు కడతారు. 1948 నాటి రజాకార్ల లెక్క ఇవాళ ఆటో తోలే కుర్రాడు అప్పజెప్పాలట!

'చూశారా, మీ బషీరే మిమ్మల్ని తిట్టాడు' అని సంబరపడేవాళ్లకు ఒక మాట. ఆ నవలలో కుంజుపాతుమ్మకు అక్షరాలు నేర్పింది ఆయిషా, పక్కింటి ముస్లిం పిల్ల. మా ఇల్లు మేం ఊడ్చుకుంటాం. మా చీపురు లాక్కుని మమ్మల్నే కొట్టొద్దు.

బషీర్ 1930లో ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్లాడు. ఆ సంగతిని మా దేశభక్తికి సర్టిఫికెట్‌గా చూపించం. అడిగే హక్కు ఎవరికీ లేదు.

మాలో రాసేవాళ్లకు చెప్పేది ఒక్కటే. ఏనుగును వదిలెయ్యండి, అమ్మ మాటను పట్టుకోండి. పండితులు తప్పులు పడితే పట్టనివ్వండి. పాతుమ్మ మేక బషీర్ పుస్తకాలనే నమిలేసింది. అయినా ఆ పుస్తకాలు బతికే ఉన్నాయి.