తరగతి గదిలో పరుల సొత్తు

ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనమిక్స్ ఆవరణలోని ఒక ఫొటోకాపీ దుకాణం పేరు దశాబ్దం క్రితం దేశంలోని విద్యావంతులందరికీ పరిచితమైంది. రామేశ్వరీ ఫొటోకాపీ సర్వీసెస్ అనే ఆ దుకాణంలో, అధ్యాపకులు వేర్వేరు గ్రంథాలనుండి ఎంపిక చేసిన అధ్యాయాలను నకళ్లు తీసి, ఒక కట్టగా కూర్చి విద్యార్థులకు అమ్మేవారు. గ్రంథమంతా కొనగల స్తోమత లేని విద్యార్థికి ఆ కట్టయే పాఠ్యపుస్తకం. 2012 ఆగస్టులో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయాల ముద్రణాలయాలు, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ సంస్థ కలసి ఆ దుకాణంపైన, విశ్వవిద్యాలయంపైన హైకోర్టులో దావా వేశాయి. ఎవరి హక్కుల పేరిట ఈ దావా దాఖలైందో ఆ రచయితలలోనే పలువురు దీనిని హర్షించలేదు. దావా ఉపసంహరించుకొమ్మని ప్రచురణకర్తలను కోరినవారిలో అమర్త్యసేన్ ఒకరు.

2016 సెప్టెంబరు 16న జస్టిస్ రాజీవ్ సహాయ్ ఎండ్లా ఆ దావాను కొట్టివేశారు. గ్రంథస్వామ్యం దైవదత్తమైనదీ కాదు, సహజసిద్ధమైనదీ కాదు, చట్టం ఎంతవరకు ఇచ్చిందో అంతవరకే అది హక్కు అన్నది ఆయన వాదసరళి. 1957 నాటి కాపీరైటు చట్టంలోని 52వ సెక్షన్, బోధనా క్రమంలో ఉపాధ్యాయుడుగాని విద్యార్థిగాని ఏ రచనను పునరుత్పత్తి చేసినా అది ఉల్లంఘన కాదని చెబుతున్నది. అదే సంవత్సరం డిసెంబరు 9న ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం ఈ వ్యాఖ్యానాన్ని చాలవరకు సమర్థించింది. అయితే ఒక మెలిక పెట్టింది. నకలు తీసిన భాగం బోధనకు నిజంగా అవసరమా అన్నది చూడవలసిందే అన్నది. ఆ విచారణ జరుగకుండానే 2017 మార్చిలో ప్రచురణకర్తలు దావాను విరమించుకొన్నారు.

ఈ తీర్పును చూసి ఉపాధ్యాయ లోకం ఊపిరి పీల్చుకొన్న మాట నిజమే. కాని చట్టం ఇచ్చిన ఈ వెసులుబాటుకు నాలుగు గోడలున్నాయి. పాఠశాల వార్షికోత్సవంలో పిల్లలు ఒక నాటకం ఆడితే, ప్రేక్షకులు ఉపాధ్యాయులు, విద్యార్థులు, తల్లిదండ్రులు, ఆ సంస్థకు సంబంధించినవారు మాత్రమే అయినంతకాలం నాటకకర్త అనుమతి అక్కరలేదు. టిక్కెట్లు అమ్మి ఊరందరినీ పిలిస్తే కథ మారుతుంది. 2020లో కరోనా కారణంగా బడులు మూతబడినప్పుడు పాఠాలు సెల్‌ఫోన్లకెక్కాయి. యూట్యూబులో అందరికీ అందుబాటులో నిలిచిపోయాయి. తరగతిలో చూపిన బొమ్మకు ఉన్న రక్షణ, లోకమంతా చూడగల వీడియోలోని బొమ్మకు కూడా ఉన్నదని ధీమాగా చెప్పడం కష్టం.

అటువంటి చోట నిశ్చింతగా వాడుకోదగినవి రెండు రకాలు: గడువు తీరి ప్రజల సొత్తైనవి, సొంతదారు తానుగా తలుపు తెరిచి ఉంచినవి.

మన దేశంలో గ్రంథకర్త జీవితకాలం, ఆపైన అరువది సంవత్సరాలు గ్రంథస్వామ్యం ఉంటుంది. పూర్వం ఇది యాభై సంవత్సరాలే. 1941లో దివంగతుడైన రవీంద్రనాథ ఠాకూర్ రచనలపై విశ్వభారతి హక్కు 1991 సంవత్సరాంతంతో తీరిపోవలసి ఉండగా, గడువుకు కొద్ది దినాల ముందు ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి మరొక పదేళ్లు పొడిగించింది. ఒక్క మహాకవి కొరకు చేసిన సవరణ దేశంలోని రచయితలందరికీ వర్తించింది. ఠాకూర్ రచనలు 2002 జనవరి 1న స్వేచ్ఛ పొందాయి. ఆ పదేళ్లలో బడిపిల్లలకు కలిగిన లాభమేమిటో ఎవరూ చెప్పినట్లు లేదు.

తెలుగు ఉపాధ్యాయునికి ఈ లెక్క కొంత జాగ్రత్తను నేర్పుతుంది. 1915లో మరణించిన గురజాడ రచన ‘కన్యాశుల్కం’ అందరిదీ. దానిని అచ్చు వేయవచ్చు, ఆడవచ్చు, చదివి రికార్డు చేసి పంచవచ్చు. కాని నేటి ముద్రణలోని పీఠిక, వివరణలు, ముఖచిత్రం వాటి కర్తలవే. 2014లో కన్నుమూసిన బాపు బొమ్మలు ఫోన్లలో ఎంత విచ్చలవిడిగా తిరుగుతున్నా, వాటిపై హక్కు 2074 సంవత్సరాంతం వరకు ఉంటుంది. ఉచితంగా దొరకడం వేరు, స్వేచ్ఛగా వాడుకోవడం వేరు. ఎన్.సి.ఇ.ఆర్.టి. తన పాఠ్యపుస్తకాలను అంతర్జాలంలో ఉచితంగా చదువనిస్తున్నది. అంతమాత్రాన వాటిని ఎవరైనా అచ్చువేసి అమ్ముకోవచ్చునని కాదు.

రెండవ రకానికి దారి చూపినది 2001లో అమెరికాలో స్థాపితమైన క్రియేటివ్ కామన్స్. 2002 డిసెంబరులో వెలువడిన దాని అనుమతి పత్రాలు సొంతదారు హక్కును రద్దు చేయవు. ఏయే షరతులపై ఎవరైనా వాడుకోవచ్చునో ముందే చెప్పివేస్తాయి. కర్త పేరు చెప్పడం సాధారణ నియమం. కొన్నింటికి వ్యాపారం కూడదు. కొన్నింటిని మార్చితే ఆ మార్చినదానిని కూడా అదే షరతుపై పంచాలి. మార్పులే కూడదనేవీ ఉన్నాయి. తెలుగు మాధ్యమంలో బోధించేవారు ఈ చివరి షరతును ముఖ్యంగా గమనించాలి. హృదయం బొమ్మలోని ఆంగ్ల పదాలను తీసి కర్ణిక, జఠరిక, ధమని అని వ్రాసినా, వ్యాసాన్ని తెలుగులోకి అనువదించినా అది మార్పే. అటువంటి ప్రతిని ఇతరులతో పంచుకొనే వీలు ఆ పత్రం ఇవ్వదు. పేరు చెప్పి, అదే షరతుతో పంచుమనే పత్రం ఉన్నదైతే చింత లేదు. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా వ్యాసాలు ఈ కోవకు చెందినవే. 2013లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన జాతీయ స్వేచ్ఛా విద్యావనరుల భాండాగారం కూడా ఈ విధానాన్నే అనుసరించింది.

బొమ్మ క్రింద దాని పేరు, గీసినవారి పేరు, లభించిన చోటు, అనుమతి పత్రం పేరు వ్రాస్తే చాలు. గూగుల్‌లో దొరికినదని వ్రాయడం మాత్రం, పుస్తకం ఎవరిదని అడిగితే బీరువాలోనిదని చెప్పినట్లుంటుంది.

ఇటువంటి అనుమతి పత్రాలు పుట్టక దాదాపు శతాబ్దం పూర్వమే మన దేశస్థుడొకరు ఈ పని చేశారు. 1910లో దక్షిణాఫ్రికాలోని ఫీనిక్స్‌లో గాంధీజీ అచ్చు వేయించిన ‘హింద్ స్వరాజ్’ ఆంగ్ల ప్రతి ముఖపత్రంపై, హక్కులేవీ దాచుకోలేదని స్పష్టంగా ముద్రించి ఉంది. అనంతర కాలంలో ఆయన తన రచనలను నవజీవన్ ట్రస్టుకు అప్పగించారు. వాటి గడువు కూడా 2008 సంవత్సరాంతంతో తీరిపోయింది.