మన ఇంటి విద్యలు: గొంతునకొక గది



ఈ శీర్షికలో ఇంతవఱకు కుట్టుపనిని, పెరటి సాగును గూర్చి ముచ్చటించుకొంటిమి. ఈ మాసమున గొంతును గూర్చి చెప్పదలచితిమి.

పలుకు స్పష్టముగా నున్న స్త్రీ ఇంట గూర్చుండియే సంపాదింపగల విద్య యొకటి నేడు గలదు. పుస్తకములను చదివి వినిపించుట, పాఠములకును ప్రకటనలకును గాత్రదానము చేయుట మున్నగునవి ఇందులోనివే. ఇది మనకు క్రొత్త గాదు. 1938లో మదరాసునందును, 1948లో విజయవాడయందును రేడియో కేంద్రములు వెలసిన పిమ్మట మన యాడువారి గొంతులు ఎన్నియో యిండ్ల వినబడినవి. 1967 నాటి ‘భక్త ప్రహ్లాద’లో ప్రహ్లాదుడుగా నటించిన రోజారమణిగారు పెద్దయైన పిదప పెక్కుమంది కథానాయికలకు తమ గొంతు నిచ్చిరి. సినిమా డబ్బింగునకు నేటికిని చాలవఱకు స్టూడియోకు పోవలసినదే. తక్కిన పనులలో పెక్కింటిని ఇంటనే చేయవచ్చును.

మొట్టమొదట మేము చేసిన పొరపాటును దాచుకొనము. కూడబెట్టిన సొమ్ముతో ఖరీదైన మైకు కొంటిమి. ముందుగదిలో కూర్చుండి పిల్లల కథ యొకటి చదివి మచ్చునకు పంపితిమి. “గొంతు బాగున్నది గాని నూతిలోనుండి పలికినట్లున్నది” అని జవాబు వచ్చినది. ఆ దినమున మాకు అన్నము సయింపలేదు. లోపము మా గొంతులోనిది కాదు, మైకులోనిది కాదు, గదిలోనిది అని తెలిసికొనుటకు రెండు నెలలు పట్టినది.

కారణము చెప్పెదము. శబ్దము సెకనుకు సుమారు 343 మీటర్లు పోవును. మన మాట ఐదడుగుల దూరమందలి గోడకు తగిలి, సెకనులో నూఱవ వంతు గడవకముందే మైకునొద్దకు మరలి వచ్చును. నున్నని గోడలు, నాపరాతి నేల, అద్దపు కిటికీలు దానిని మరల మరల త్రిప్పికొట్టును. మన చెవి ఈ తబ్బిబ్బును సరిపెట్టుకొనును, మైకు సరిపెట్టుకొనదు.

కనుక మైకు కంటె ముందు గదిని చూచుకొనవలెను. గది నడుమ నిలిచి ఒక్క చప్పట్లు కొట్టుడు. చివర ‘ఖంగు’మని మ్రోగినచో ఆ గది పనికిరాదు. పడకగది మేలు, బట్టల బీరువా తలుపులు తెఱచి, దానికెదురుగా కూర్చుండుట ఇంకను మేలు. వ్రేలాడు చీరలే మాటను పీల్చుకొనును. వెనుక దండెముపై రెండు బొంతలు వ్రేలాడదీసి, క్రింద జంపఖానా పఱచినచో చాలును. గ్రుడ్ల అట్టలను గోడకు అంటించుట వలన ప్రయోజనము మిగుల స్వల్పము.

మైకును నోటికి జానెడు దూరమున, కొంచెము ప్రక్కగా నుంచుడు. ప, బ, ఫ, భ అను నక్షరములు పలుకునపుడు గాలి వచ్చి మైకును తాకి ‘దబ్బు’మనును. అల్లికపనికి వాడు వలయమునకు పలుచని మేజోడు గుడ్డ బిగించి నడుమ నిలిపినచో ఆ దెబ్బ తగ్గును. చెవులను పూర్తిగా మూయు హెడ్‌ఫోనులు పెట్టుకొని వినుడు. ధ్వనిముద్రణమునకు ఆడాసిటీ అను ఉచిత సాధనము చాలును. ఎంత గట్టిగా పలికినను మీటరు మైనస్ 6 డెసిబెల్సును దాటకుండ చూచుకొనుడు. దాచుకొను ప్రతిని వేవ్ ఫైలుగానే దాచుడు.

ఇక అసలు చిక్కు. బొంతలు గదిలోని మ్రోతను అణచును గాని, బయటి చప్పుడును ఆపజాలవు. ఆడియో పుస్తకములను స్వీకరించు ఏసీఎక్స్ సంస్థ, ఎవరును పలుకని వేళ మ్రోత మైనస్ 60 డెసిబెల్సునకు మించరాదని నియమించినది. ఫంకా, ఫ్రిజ్జు, నీళ్ల మోటారు, కుక్కరు కూత, కూరలమ్మువాని కేక: వీనిలో ఏ యొక్కటియైనను ఈ నియమమును చెఱుపగలదు. వీనిని ఆపునది వస్తువు గాదు, ఇంటివారి సమ్మతి.

ఆ సమ్మతిని అడుగుటకే మేము మిక్కిలి సంకోచించితిమి. మగవారు పత్రిక చదువుచుండగా ఇల్లు తనంతట తానే నిశ్శబ్దమగును. మన పనికి మాత్రము నిశ్శబ్దమును అడుగుట నేరమువలె తోచును. తుదకు ఒకనాడు అత్తగారితో ఉన్నమాట చెప్పితిమి. ఆమె కొంతసేపు ఆలోచించి, “తెల్లవారుజామున ఐదింటికైతే మోటారు వేయను, కుక్కరు పెట్టను. నువ్వు తలుపు వేసుకో అమ్మా” అనిరి. నాటినుండి ఆ గంట మాది. మొదటి ప్రతిఫలము చేతికి వచ్చినప్పుడు ముందుగా ఆమెకే చూపితిమి.

చివరగా ఒక హెచ్చరిక. పని యిప్పింతుమని ముందుగా రుసుము అడుగువారిని నమ్మవలదు. ఒప్పందమును పూర్తిగా చదువక గొంతు నీయవలదు. మన గొంతును కృత్రిమ మేధకు నేర్పి, మనము లేకయే మన మాటవలె పలికించు యంత్రములు నేడు గలవు. అందులకు అనుమతి యున్నదో లేదో పత్రమున స్పష్టముగా వ్రాయించుకొనుడు.

ఈ మాసమున మైకు కొనవలదు. చేతిలోని ఫోనుతోనే, తెఱచిన బీరువా యెదుట, ఒక్క పుట చదివి వినుడు. అంతకుముందు మాత్రము ఇంటివారిని ఒక్క గంట నిశ్శబ్దము అడుగుడు. నూఱు రూపాయల మైకునకైనను, పదివేల రూపాయల మైకునకైనను అదియే మొదటి పెట్టుబడి.